రక్షకభట హింస: నీతివిచారము

మెండోర గ్రామముగల జిల్లాకు ముఖ్యపట్టణమైన నిజామాబాదు దుర్గమందలి కారాగారమున, నిజాము పాలన నెదిర్చిన దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా నుండిరి. దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. అట్టి నిర్బంధమును నిరంకుశత్వ లక్షణముగా మనము చెప్పుకొనుచున్నాము. ఆ పాలన 1948 సెప్టెంబరులో అంతరించినది.

అయినను, 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో పోలీసులు ఒక స్త్రీపై అత్యాచారము జరిపిరనియు, ఆమె భర్త వారి దెబ్బలకు మరణించెననియు న్యాయమూర్తి ముక్తదర్ విచారణసంఘము నిర్ణయించినది. పిదప రాయచూరు న్యాయస్థానము నిందితులను నిర్దోషులుగా విడిచెను. విచారణయందు పోలీసుల పక్షము ఆమె శీలమునే ప్రశ్నించినది.

కావున ఈ హింసకు మూలమును ప్రభుత్వస్వభావమునందు మాత్రమే వెదకరాదని మా యభిప్రాయము. బాధితుల నడవడినిబట్టి దెబ్బను సమర్థించు సమాజమునకును ఇందు భాగము కలదు. నిర్బంధించిన క్షణముననే బందీ ప్రాణమునకు రాజ్యము పూచీపడుచున్నది. ఆ పూచీకి బందీ గుణదోషములతో పనిలేదు.