ఆరు నెలల గడువు

‘గడచు’ అనే క్రియ నుండి పుట్టిన మాట ‘గడువు’. గడచిన కాలం తిరిగి రాదన్న హెచ్చరిక ఆ మాటలోనే ఉన్నది. రోడ్డు ప్రమాద పరిహారపు అర్జీల విషయంలో ఈ గడువు ఎన్ని రూపాలు దాల్చినదో మిత్రులతో పంచుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు.

శంషాబాదు ఒకప్పుడు బెంగుళూరు రహదారి మీది ఒక ఊరు. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం ప్రారంభమయింది. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు పేరిట పైవంతెన వచ్చింది. గల్ఫుకు వెళ్ళే కొడుకును సాగనంపడానికి నిజామాబాదు, కరీంనగరు పల్లెల నుండి కుటుంబాలు కార్లలో ఈ దారికి వస్తాయి.

నేనెరిగిన ఒక ఇంటి యజమాని ఈ దారిలోనే గాయపడి, అయిదు నెలలు మంచం పట్టి కన్నుమూశారు. సంవత్సరీకం కానిదే డబ్బు మాట ఎత్తరాదని ఇల్లాలు మిన్నకున్నారు. గడువును లెక్కించేది మరణం నుండి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుండి అని ఆమెకు చెప్పినవారు లేరు.

1939 నాటి మోటారు వాహనాల చట్టంలో తొలుత ట్రిబ్యునలు లేదు. సివిలు కోర్టే దిక్కు. 1956 సవరణ ట్రిబ్యునళ్ళకు చోటిచ్చినా గడువు 60 రోజులే. 1969 సవరణ దానిని ఆరు నెలలు చేసింది. 1988 చట్టం ఆరు నెలలే ఉంచి, తగిన కారణం చూపితే ఏడాది వరకు ఆలస్యాన్ని మన్నించింది. 1994 నవంబరులో గడువే తొలగిపోయింది. అప్పటికి తేలని అర్జీలకూ ఆ మేలు చెందుతుందని 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 సవరణ ఆరు నెలల గడువును మళ్ళీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆలస్యాన్ని మన్నించే వాక్యం మాత్రం ఈసారి చేర్చలేదు. గడువు దాటిందన్న కారణంతో అర్జీలను కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది తుది తీర్పు కాదు గనుక ఆరు నెలలలోపే అర్జీ పెట్టుకోవడం వివేకం.

ఇక వకీలు సంగతి. ప్రమాదం శంషాబాదులో జరిగినా అర్జీదారు తాను నివసించే చోటి ట్రిబ్యునలులో అర్జీ వేసుకోవచ్చును. కనుక నిజామాబాదువారు అక్కడి వకీలునే పెట్టుకోవచ్చు. వచ్చే పరిహారంలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిలు నియమాలకు విరుద్ధం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. లోక్ అదాలతులో రాజీ పడితే దానిపై అప్పీలు లేదు. సంతకానికి ముందే ఆలోచించుకోవాలి.

కన్నీరు ఆరిన పిమ్మట అడుగుదామనుకునే ఇంటివారి పక్కన ఎవరో ఒకరు కూర్చుండి ఆ తేదీ గుర్తుచేయాలి. చదువుకున్న పొరుగువారు చేయగల సాయం అది.