ఎలక్ట్రోడు

విద్యుత్తు ద్రావణమున ప్రవేశించు చోటికి అంతవరకు వాడుకలోనుండిన ‘ధ్రువము’ అను మాటను విడనాడి, 1834లో మైకేల్ ఫారడే ‘ఎలక్ట్రోడు’ అను క్రొత్తపదమును ప్రతిపాదించెను. గ్రీకుభాషలో ‘ఎలెక్ట్రాన్’ అనగా తృణమణి, ‘హొదోస్’ అనగా మార్గము. తృణమణిని రాచినపుడు పుట్టు ఆకర్షణమునుండియే విద్యుత్తునకు ఆ పేరు వచ్చినది గనుక, ఎలక్ట్రోడనగా విద్యుత్తు నడచు బాట యని అర్థము. ధ్రువమన్నచో ఆకర్షించునదను భావము స్ఫురించును. ఫారడే చెప్పదలచినది ఆకర్షణమును గాదు, ప్రవాహము దాటు తలమును. మన శాస్త్రగ్రంథములు మాత్రము ‘విద్యుద్ధ్రువ’మని పూర్వభావమునే నిలుపుకొన్నవి.

ఆ తలమే ఎలక్ట్రోడులుగా వాడు నేటి సచ్ఛిద్రలోహములకు ప్రాణము. నికెలు, అల్యూమినియముల మిశ్రలోహమునుండి కాస్టిక్ సోడాతో అల్యూమినియమును కరగించివేయగా, మిగిలిన నికెలు సూక్ష్మరంధ్రమయమై, ఒక్క గ్రాములోనే దాదాపు 100 చదరపు మీటర్ల తలమును పొందగలదు. అమెరికా దేశస్థుడగు ముర్రే రేనీ 1927లో పేటెంటు పొందిన పద్ధతి యిది. ఎండయు గాలియు ఒసగిన మిగులు విద్యుత్తుతో నీటిని విడదీసి, శక్తిని హైడ్రోజనుగా దాచు క్షారఘటములలో, ప్లాటినమువంటి అరుదైన లోహముల నాశ్రయింపకయే పనిచేయు ఎలక్ట్రోడులకు ఇట్టి నికెలు ఆధారమగుచున్నది.

విద్యుద్ధ్రువమను మాటను త్యజింపనక్కరలేదు. కాని దానిని నేర్పు ఉపాధ్యాయులు ఫారడే ఉద్దేశించిన మార్గార్థమును గూడ విద్యార్థులకు తప్పక బోధింపవలెను.