ఇంటర్నెట్‌లో బోయింగ్: ప్రతిష్ఠ కోసం రెండు దశాబ్దాలు

1916లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన బోయింగ్ సంస్థ నుంచి విమానాలు కొనేది ప్రధానంగా విమానయాన సంస్థలు, ప్రభుత్వాలే. అయినా ప్రయాణికుల నమ్మకం సడలితే ఆ వ్యాపారం సాగదు. అందుకే ఇంటర్నెట్ విస్తరించాక సంస్థ నేరుగా ప్రజలతో మాట్లాడడం మొదలుపెట్టింది. 2003లో కొత్త విమానం పేరును ఆన్‌లైన్ ఓటింగ్‌కు పెట్టగా 'డ్రీమ్‌లైనర్' గెలిచింది. 2005లో మార్కెటింగ్ ఉపాధ్యక్షుడు రాండీ బేస్లర్ సంస్థ తరఫున బ్లాగు ప్రారంభించారు.

2010లో ఒక ఎనిమిదేళ్ల బాలుడు తాను గీసిన విమానం బొమ్మ పంపితే, బయటివారి ఆలోచనలు స్వీకరించబోమంటూ మూస ఉత్తరం జవాబుగా వెళ్లింది. తండ్రి దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టడంతో విమర్శలు వచ్చాయి. సంస్థ ట్విట్టర్‌లో లోపం ఒప్పుకుని, పిల్లలకు స్పందించే తీరు మెరుగుపరుస్తామంది. 2017 ఆగస్టులో 787 డ్రీమ్‌లైనర్ పరీక్షా విమానం అమెరికా మీదుగా సుమారు 18 గంటలు ఎగిరి, ట్రాకింగ్ సైట్ల పటంపై తన ఆకారాన్నే గీసింది. ఖరీదైన ప్రకటన లేకుండానే ఆ బొమ్మ లోకమంతా తిరిగింది.

2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. ఏప్రిల్ 4న ప్రధాన అధికారి డెనిస్ మ్యూలెన్‌బర్గ్ వీడియోలో క్షమాపణ చెప్పారు. డిసెంబరులో ఆయన పదవి పోయింది. మ్యాక్స్ గురించి ఉద్యోగులు రాసుకున్న అంతర్గత సందేశాలు 2020 జనవరిలో బయటికొచ్చి ఆ క్షమాపణ విలువను తగ్గించాయి. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ నడిపే బోయింగ్ విమానం తలుపు పలక గాల్లో ఊడిపోయాక సంస్థ ప్రచారం కన్నా భద్రత, నాణ్యతా చర్యల వివరాలకే ఎక్కువ చోటివ్వాల్సి వచ్చింది.