కొండకు దారి వేసినవారు

భిక్షువుల నడవడికి నియమాలు కూర్చిన బౌద్ధ వినయపిటకం, విహారానికి ఎంచుకునే చోటు ఊరికి మరీ దూరమూ మరీ దగ్గరా కాకుండా, రాకపోకలకు వీలుగా, పగలు సందడి లేక, రాత్రి నిశ్శబ్దంగా ఉండాలని చెబుతుంది. భిక్షాన్నం మీద బతికే సంఘం ఏకాంతాన్ని ఎంత కోరుకున్నా ఊరిని విడిచి మనలేదు కనుక, విశాఖ తీరాన తొట్లకొండ, బావికొండల మీద గాని, ఏలూరు ప్రాంతంలోని గుంటుపల్లి కొండమీద గాని వెలసిన సంఘారామాలు, అంటే భిక్షుసంఘాల నివాసాలు, ఎత్తున ఉంటూనే కింది జనపదాలతో సంబంధం నిలుపుకొన్నాయి. 5వ శతాబ్ది ఆరంభంలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, దక్షిణాపథంలో ఒక కొండను అయిదు అంతస్తులుగా తొలిచి చేసిన సంఘారామం ఉందని విని రాసుకున్నాడు. దారులు ప్రమాదకరమైనవి కావడంతో అక్కడికి వెళ్లదలచినవారు ముందుగా ఆ దేశపు రాజుకు ధనమూ కానుకలూ సమర్పించాలని, రాజు తోడిచ్చిన మనుషులు మజిలీ మజిలీకి మారుతూ యాత్రికులను ఒకరి నుంచి ఒకరికి అప్పగిస్తూ తీసుకుపోతారని కూడా అతడు చెప్పాడు. ఫాహియాన్ స్వయంగా అక్కడికి వెళ్లలేకపోయినా, కొండమీది క్షేత్రానికి ప్రయాణం ఎన్ని ఏర్పాట్లతో కూడుకున్న పనో ఆ వాక్యాలు చెబుతున్నాయి.

బౌద్ధులకే కాదు, శైవులకూ ఇలాంటి కొండక్షేత్రాలున్నాయి. నెల్లూరు జిల్లా పడమటి అంచున, కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు ఎగువన, తూర్పు కనుమల్లో భాగమైన వెలిగొండలు గోడకట్టినట్టు నిలిచి ఉన్నాయి. ఆ కొండల్లోనే, చంద్రశేఖరపురం మండలం కొత్తపల్లి సమీపాన, భైరవకోన అనే లోయలో కొండచరియను తొలిచి మలచిన ఎనిమిది శివాలయాలు కనిపిస్తాయి. వాటిలో ఏడు తూర్పుముఖంగా, ఒకటి ఉత్తరముఖంగా ఉన్నాయి. కూర్చున్న సింహాల మీద నిలిపిన స్తంభాలు, వాకిలికి ఇరుపక్కల కావలి కాసే ద్వారపాలక విగ్రహాలు పల్లవుల శిల్పరీతిని గుర్తుకు తెస్తాయి. ఆలయాల చెంతనే సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి జలపాతం దూకుతుంది. ఏ శిల్పి అయినా, ఏ తపస్వి అయినా నెలల తరబడి నిలిచి ఉండాలంటే మొదట కావలసింది నీరే కాబట్టి, ఈ కోనను ఎంచుకోవడంలో భక్తితో పాటు వివేకమూ ఉంది.

ఈ ప్రాంతపు శైవులకు వెలిగొండలు దాటి చేరవలసిన మహాక్షేత్రం శ్రీశైలం. దానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారక్షేత్రాలు, అంటే యాత్రికుడు ముందుగా దర్శించుకొని అడవిలోకి ప్రవేశించే గుళ్లు, సంప్రదాయం నిర్ణయించింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్నా ఒడ్డున సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ఆ నాలుగూ. దారి తెలియని అడవిలో యాత్రికులను ఒక చోట చేర్చి ముందుకు నడిపించే ఏర్పాటుగానూ ఇవి ఉపకరించాయి. శ్రీశైలంలో ఘంటామఠం, విభూతిమఠం, రుద్రాక్షమఠం వంటి శైవమఠాలు వర్ధిల్లాయంటే ఆ వెనుక ఎడతెగని రాకపోకలున్నాయి. 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించి కీర్తి గడించాడు. గుడి కట్టించిన పుణ్యానికి మెట్లు కట్టించిన పుణ్యం తీసిపోదని ఆనాటి సమాజం భావించిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

దారి వేయడం భక్తికే కాక యుద్ధానికీ పనికివచ్చిందని ఉదయగిరి చరిత్ర చెబుతుంది. 3,079 అడుగుల ఎత్తున్న ఈ గిరిదుర్గానికి, అంటే కొండనే కోటగా మలచుకొన్న స్థావరానికి, కొన్ని వైపుల దాదాపు వెయ్యి అడుగుల నిలువు చరియలే ప్రాకారాలు. ఒడిశాను ఏలిన గజపతుల అధీనంలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, సుమారు ఏడాదిన్నర తర్వాత 1514లో వశపరచుకొన్నాడు. మనిషి వెనుక మనిషి మాత్రమే నడవగల ఇరుకు బాట తప్ప మరో మార్గం లేని చోట, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి దారులు వేయించాడని, ఆ తర్వాత కొంతకాలానికి విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. విజయం తర్వాత రాయలు 1514 జూలైలో తిరుమలేశుని దర్శించుకొన్నాడు. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని 1515లో విజయనగరంలో కొత్తగా కట్టించిన ఆలయంలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

నేడు నెల్లూరు నగరం నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి తారురోడ్డు ఉన్నా, దుర్గం పైకి ఇప్పటికీ కాలినడకే శరణ్యం. వానలు తగ్గాక, ఎండలు ముదరకముందు బయలుదేరడం, తాగునీరు వెంట తీసుకుపోవడం, బాట ఎరిగిన స్థానికుని తోడు కోరడం నేటి యాత్రికునికీ తప్పవు. ఫాహియాన్ విన్న నియమాల్లో రాజుకిచ్చే కానుక ఒక్కటే తొలగిపోయింది. కొండమీది ఏకాంతాన్ని శతాబ్దాల పాటు నిలబెట్టినవి మెట్లూ, నీటి దొనలూ, ద్వారక్షేత్రాలూ, దారి చూపిన మనుషులూ. అందుచేత గుళ్లనూ బురుజులనూ కాపాడేవారు వాటి వద్దకు చేర్చే పాత బాటలను కూడా గుర్తించి, కొలిచి, నమోదు చేయవలసి ఉంది. ముళ్లపొదలు కమ్మిన మెట్లవరుస ఒక్కటి చెరిగిపోయినా, ఆ క్షేత్రాన్ని జనంతో కలిపిన చరిత్రలో సగం దానితోనే పోతుంది.