ఓసాట్స్ (శస్త్రచికిత్సా నైపుణ్య పరీక్ష)

ఓసాట్స్ అనునది శస్త్రవైద్యంలో శిక్షణ పొందుతున్న వైద్యుల హస్తనైపుణ్యాన్ని కొలిచే ఒక పరీక్షా విధానము. 'ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ అసెస్‌మెంట్ ఆఫ్ టెక్నికల్ స్కిల్' అన్న ఆంగ్ల నామంలోని తొలి అక్షరాల కూర్పే ఈ పేరు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ రెజ్నిక్, గ్లెన్ రెగెర్ మొదలగువారు 1990వ దశకంలో దీనిని రూపొందించారు.

నేపథ్యం

19వ శతాబ్ది చివర అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ ప్రవేశపెట్టిన రెసిడెన్సీ పద్ధతిలో శిష్యుడు గురువు పక్కన ఏళ్ళ తరబడి నిలిచి పని నేర్చుకొనేవాడు. అతని చేయి కుదిరినదీ లేనిదీ గురువు అభిప్రాయమే తేల్చేది. ఆ అభిప్రాయం చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడినది. శిష్యుని నడవడి, మాటతీరు కూడా అందులో కలిసిపోయేవి. లాగ్‌బుక్కు ఎన్ని శస్త్రచికిత్సలు చేశాడో చెప్పేది గాని ఎంత చక్కగా చేశాడో చెప్పేది కాదు. వ్రాత, మౌఖిక పరీక్షలు కొలిచేది విషయ పరిజ్ఞానాన్ని. రోగి తన ప్రాణాన్ని ఏ చేతికి అప్పగిస్తాడో ఆ చేతికి మాత్రం సరైన పరీక్ష ఉండేది కాదు.

1975లో స్కాట్లాండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం 'ఓస్కీ' అనే పరీక్షను ప్రకటించింది. ఇందులో విద్యార్థులందరూ ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి వెళుతూ ఒకే రకమైన పనులు చేస్తారు. ప్రమాణాలు ముందే నిర్ణయమై ఉంటాయి. ఈ పద్ధతిని శస్త్రచికిత్సకు అన్వయించినదే ఓసాట్స్.

పరీక్ష జరిగే తీరు

1997లో ప్రచురితమైన టొరంటో పరిశోధనలో 20 మంది శిక్షణార్థులు పాల్గొన్నారు. ఆరు కేంద్రాలు, ఒక్కొక్క దానిలో 15 నిమిషాల వ్యవధి. పేగు కొసలను కలిపి కుట్టటం, పొట్ట గోడను కుట్టి మూయటం, రక్తస్రావాన్ని ఆపటం వంటివి అందులోని పనులు. వీటిని ఒకసారి జీవించి ఉన్న జంతువులపైన, మరొకసారి బల్లపై అమర్చిన నమూనాలపైన చేయించారు. రెండింటి ఫలితాలు సమానంగా ఉన్నందున నమూనాలే చాలునని తేలింది.

పరీక్షకుని వద్ద రెండు పత్రాలు ఉంటాయి. మొదటిది చెక్‌లిస్టు: ఆ పనిలోని ప్రతి దశా చేశాడా, లేదా అని గుర్తు పెట్టటమే. రెండవదైన సమగ్ర మూల్యాంకన పత్రంలో ఏడు అంశాలు ఉంటాయి. అవి: కణజాలాన్ని సున్నితంగా పట్టుకోవటం, సమయం మరియు చేతి కదలికల పొదుపు, పరికరాలను వాడే తీరు, పరికరాల పరిజ్ఞానం, సహాయకులను వినియోగించుకోవటం, పని సాగే ఒరవడి, ఆ శస్త్రచికిత్సను గురించిన అవగాహన. ఒక్కొక్క దానికి 1 నుండి 5 వరకు మార్కులు.

చెక్‌లిస్టా, సమగ్ర అంచనాయా?

లెక్కపెట్టగల చెక్‌లిస్టే ఎక్కువ నిష్పాక్షికమని ఎవరైనా అనుకుంటారు. 1998లో రెగెర్ బృందం ప్రకటించిన ఫలితం ఇందుకు విరుద్ధం. నిపుణులు వేసిన సమగ్ర మార్కులే ఎక్కువ విశ్వసనీయంగా ఉన్నాయి. అనుభవజ్ఞులను కొత్తవారి నుండి మెరుగుగా వేరు చేశాయి. దశలన్నీ వరుసగా పూర్తిచేసినా కణజాలాన్ని నలిపివేసినవానికి చెక్‌లిస్టులో పూర్తి మార్కులు రావచ్చును. వ్యాసరచన దిద్దే ఉపాధ్యాయులకు ఇది వింత కాదు: ఒక్క అక్షరదోషమూ లేని వ్యాసం చప్పగా ఉండవచ్చు. అయితే సమగ్ర అంచనాకు పరీక్షకుడు స్వయంగా చేయి తిరిగినవాడై ఉండాలి.

రోగుల క్షేమంతో సంబంధం

2013లో జాన్ బిర్క్‌మేయర్ బృందం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్థూలకాయ చికిత్స చేసే 20 మంది సర్జన్లను పరిశీలించింది. వీరు శిక్షణార్థులు కారు, వృత్తిలో స్థిరపడినవారు. ఒక్కొక్కరు తాము చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్ వీడియో ఒకటి ఇచ్చారు. చేసినదెవరో తెలియని తోటి సర్జన్లు, ఓసాట్స్ నుండి మలచిన పత్రంతో దానికి మార్కులు వేశారు. సగటులు 2.6 నుండి 4.8 వరకు ఉన్నాయి. అట్టడుగు నాలుగవ వంతు సర్జన్ల రోగులలో 14.5 శాతం మందికి ఉపద్రవాలు కలుగగా, పై నాలుగవ వంతువారి రోగులలో అవి 5.2 శాతమే. మరణాలు వరుసగా 0.26, 0.05 శాతం. ఒకే శస్త్రచికిత్సకు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన కొద్దిమందికి పరిమితమైన పరిశీలన ఇది. అయినా ఆ మార్కులకు, రోగి కోలుకొనటానికి గల సంబంధాన్ని తేలికగా కొట్టివేయరాదు.

పరిమితులు, వాడుక

అనుభవజ్ఞులైన సర్జన్లను గంటల తరబడి పరీక్షకులుగా కూర్చోబెట్టటం ఖర్చుతో కూడినది. ఎదుట ఉన్నది తన శిష్యుడే అయితే పక్షపాతానికి తావుంటుంది. చేతులు మాత్రమే కనిపించే వీడియోలకు మార్కులు వేయటం దీనికొక ఉపాయం. శస్త్రచికిత్స అవసరమా కాదా అన్న నిర్ణయశక్తిని ఓసాట్స్ కొలవదు. బ్రిటన్‌లో ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల రాయల్ కాలేజి దీనిని పరీక్షాశాల నుండి ఆపరేషన్ థియేటరుకు తెచ్చి, శిక్షణలో భాగం చేసింది.