ఓరుగల్లు జనం పత్రికల ఫొటోల్లోకి వచ్చిన తీరు

వరంగల్ కోట తోరణాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి 19వ శతాబ్దం చివరికే కెమెరాకెక్కాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ నిజాం రాజ్యంలో తిరిగి తీసిన చిత్రాల్లో మన కట్టడాలకు మంచి చోటే దక్కింది. మనుషులకు దక్కలేదు. ఆనాటి కట్టడాల ఫొటోల్లో ఎవరైనా కనిపిస్తే, చాలావరకు స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టిన మనిషే. ఆ మనిషి బతుకు పత్రికకెక్కడానికి దశాబ్దాలు పట్టింది.

పత్రికలు లేక కాదు. 1922లోనే అప్పటి వరంగల్ జిల్లా ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సొంత ప్రెస్ పెట్టి ‘తెనుగు పత్రిక’ నడిపారు. పల్లెటూళ్లో అక్షరాలు కూర్చి పత్రిక తేవడమే సాహసమైన రోజులవి. ఫొటో వేయాలంటే బ్లాకు కావాలి. సన్నని గళ్లున్న గాజు పలకతో బొమ్మను చుక్కలుగా విడగొట్టి, జింకు రేకు మీద యాసిడ్‌తో తొలిచి, చెక్క దిమ్మకు బిగించి, అక్షరాల పక్కన పేర్చాలి. ఆ ఖర్చు చిన్న పత్రికలు మోయలేవు. అందుకే నాయకుడి బ్లాకు ఒకటి చేయిస్తే అది ఏళ్ల తరబడి పనికొచ్చేది. కూలి మనిషి కోసం బ్లాకు చేయించే స్తోమత ఎక్కడిది?

బ్రిటన్‌లో 1938 అక్టోబరులో మొదలైన ‘పిక్చర్ పోస్ట్’ వారపత్రిక అలాంటి మనిషినే ముందు పెట్టింది. హిట్లర్ జైలు చూసి వచ్చిన హంగేరియన్ స్టెఫాన్ లోరాంట్ దానికి తొలి సంపాదకుడు. కొన్ని నెలల్లోనే అమ్మకం 10 లక్షలు దాటింది. బెర్ట్ హార్డీ చిన్న లైకా కెమెరాతో గ్లాస్గో మురికివాడ గోర్బల్స్‌లో తిరిగి, 1948లో అక్కడి పిల్లల్ని, తల్లుల్ని, ఇరుకు గదుల్ని చూపించాడు. కొరియా యుద్ధంలో రాజకీయ ఖైదీల దుస్థితిపై హార్డీ ఫొటోలతో జేమ్స్ కామెరాన్ రాసిన కథనం వేస్తానని పట్టుబట్టినందుకు, 1950లో సంపాదకుడు టామ్ హాప్‌కిన్సన్ ఉద్యోగమే పోయింది. యజమానికి ఫొటో అంటే భయం పుట్టిందంటే ఆ ఫొటో సరైన చోటే తగిలిందని నా నమ్మకం.

మన దేశంలోనూ ఆ భయం కనిపించింది. 1943 బెంగాల్ కరువును ప్రభుత్వం కప్పిపుచ్చుతుంటే, కలకత్తాలోని బ్రిటిష్ యాజమాన్యపు ‘స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టులో ఆకలి చావుల ఫొటోలు అచ్చు వేశాడు. అదే కరువులోకి కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి సునీల్ జానా అనే విద్యార్థిని తీసుకెళ్లాడు. పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చిన ఆ ఫొటోలు జానాను దేశమంతటికీ పరిచయం చేశాయి.

ఆ జానాయే తెలంగాణకూ వచ్చాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక రగిలిన రైతాంగ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. తుపాకులు పట్టిన గెరిల్లాలను జానా ఫొటోలు తీశాడు. గుడి మెట్ల మీద కొలబద్దగా నిలబడ్డ మనిషి ఇక్కడ సూటిగా కెమెరా కళ్లలోకి చూస్తున్నాడు. మన చరిత్రలో ఇంత పెద్ద మలుపును ఇంత సూటిగా చూపిన ఫొటోలు నాకు వేరే తెలియవు. అయినా ఒక వెలితి ఉంది. తుపాకీ పట్టినవాళ్లు మన తలపుల్లో నిలిచారు. రాత్రిళ్లు దళాలకు సద్ది మోసిన తల్లులు, 1930లలో మొదలైన ఆజంజాహి మిల్లులో షిఫ్టు దిగి ఇంటికి నడిచిన కార్మికులు అలా నిలవలేదు. పోరాట పత్రికకు పోరాటమే కావాలి, అది సహజం. వంట, సంత, నాట్లు, పెళ్లి చూపడానికి మనకొక ‘పిక్చర్ పోస్ట్’ లేకపోయింది.

1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిశాక ఫొటో మళ్లీ పెద్దమనుషుల వైపు తిరిగింది. బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కు నిజాం చేతులు జోడించడం, 1959లో వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేయడం లాంటివే పత్రికలకు పండుగలు. ఊరి ముఖాలు పేపర్లో తరచూ కనబడ్డది ఆఫ్‌సెట్ అచ్చు వచ్చి బ్లాకుల పీడ వదిలాక, 1989లో ‘ఈనాడు’ జిల్లా టాబ్లాయిడ్లు మొదలయ్యాక.

ఆ రోజువారీ అచ్చు కంటే లోతుగా చూసినవాడు వరంగల్‌కే చెందిన ఫొటో జర్నలిస్టు గుడిమల్ల భరత్ భూషణ్. వార్త ఒత్తిడి లేని చోట్ల, అంటే బతుకమ్మ ఆటలో, పాత ఇళ్ల తలుపుల దగ్గర, మట్టి గోడల పక్కన ఆయన తెలంగాణను వెతికాడు. ఆయన ఫొటోల్లో జనం ఎవరి ఎత్తూ కొలవడానికి నిలబడలేదు, ఎవరికీ జెండా పట్టలేదు. వాళ్ల ఇంట్లో వాళ్లున్నారు. 2022లో ఆయన కన్నుమూశాడు. ఆయన ఫొటోలతో పాటు వరంగల్, హనుమకొండ పాత స్టూడియోల నెగెటివ్‌లను కూడా కాకతీయ విశ్వవిద్యాలయం ఒక చోట చేర్చి, తీసిన ఊరు, ఏడు రాసి పెట్టాలి. ఫొటోలో ఉన్నదెవరో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉండగానే ఈ పని జరగాలి.