నేలలో భార లోహాలు: రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థ జలాలు ఏళ్ల తరబడి నక్కవాగులో కలిసి, ఆ నీరు పారిన పొలాలను దెబ్బతీశాయి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి భార లోహాలు కుళ్లి పోయేవి కావు, పైమట్టిలోనే పేరుకుంటాయి. పైరు పచ్చగా ఉన్నా ఆకులో, గింజలో కాడ్మియం చేరవచ్చు.

• రంగు, వాసన మారిన వాగు నీరు పొలానికి పెట్టరాదు.
• మామూలు భూసార పరీక్షలో ఇవి తెలియవు. మట్టికి, నీటికి భార లోహాల పరీక్ష విడిగా చేయించాలి.
• ఆమ్ల నేలల్లో ఉదజని సూచిక 6.5కు చేరేలా సున్నం వేస్తే కాడ్మియం, సీసం మొక్కకు తక్కువగా అందుతాయి.
• వరి మడిలో నీరు నిలిస్తే గింజలో ఆర్సెనిక్, ఆరబెడితే కాడ్మియం పెరుగుతాయి. ఏ లోహమో తెలిశాకే నీటి పద్ధతి మార్చాలి.
• కలుషిత నేలలో ఆకుకూరలు, దుంపలు మాని పత్తి, పూలు వేసుకోవడం మేలు.